సుజానా నేర్చిన ఇటాలియన్

సుజానా చిన్నప్పుడు ఒకే వానాకాలంలో అమ్మా నాన్నా మలేరియాతో పోయారు. అరకు దగ్గరి మిషన్ హాస్టల్లో ఆమెను చేర్చుకున్నది ఎన్రికో ఫాదర్. ఇటలీ నుంచి కుర్రవాడిగా వచ్చి ఈ కొండల్లోనే ముసలివాడైన గురువు ఆయన. అక్షరాలు దిద్దించాడు, షాలోముతో పెళ్లి చేశాడు, మిషన్ బంగళాలో వంట పని ఇచ్చాడు. "ఏటే గుంటా, అంబలి తాగినావా?" అని అచ్చం ఇక్కడి మనిషిలాగే పలకరించేవాడు.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గాని తెలుగు పోయింది, ఇంగ్లీషూ పోయింది. పుట్టినప్పటి భాష ఒక్కటే మిగిలింది. గదిలో పడుకుని ఏదో అడుగుతూనే ఉండేవాడు. ఎవరికీ తెలిసేది కాదు.

"వేళకి అన్నం పెట్టమ్మా, చాలు. ఇంకేం చేస్తాం?" అన్నాడు ఇప్పుడు చర్చి బాధ్యత చూసే విచారణ గురువు సువార్తరావు.

సుజానాకు అది చాలలేదు. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు దాకా ఎక్కి, ఫోన్లో పాఠాలు విని మాటలు పట్టుకుంది. ఒక పొద్దున పళ్లెం తీసుకెళ్లి, "చావ్! కొమె స్తాయ్?" అంది. బాగున్నావా అని.

ఆయన ముఖం విప్పారింది. ఆమె చెయ్యి వదలకుండా గడగడా మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ రోజంతా ఆమె పాటలు పాడుకుంటూ వండింది.

ఆకలేస్తోందా, చలిగా ఉందా, నొప్పి ఎక్కడ? ఒక్కొక్కటే అడగడం వచ్చింది. కాఫీ పళ్లు ఎర్రబడేనాటికి ఆయన చెప్పేదీ తెలియసాగింది. ఆయన రోజూ అడుగుతున్నది ఇంటికి పోతానని.

"ఇదే మీ ఇల్లు. నేను సుజానాని," అంది, వచ్చిన ముక్కల్లో.

"సుజానా ఎవరు? ఇక్కడ నాకెవరూ తెలియరు. ఈ మనుషులంటే భయంగా ఉంది. మా అమ్మని పిలవండి," అన్నాడాయన తన భాషలో.

"మమ్మల్ని సాకినోడికి మా మొకాలే గురుతు నేవు," అంది ఆమె షాలోముతో. "ఆ బాస నేర్సుకోకపోయినా బాగున్ను."

క్రిస్మస్ ముందు ఆయన అన్నకొడుకు ఇటలీ నుంచి వచ్చాడు. ఫాదర్‌కి ఇక్కడే హాయిగా ఉందని సువార్తరావు చెప్పాడు. సుజానాకు తమ భాష వచ్చని విని, ఆ మనిషి నేరుగా వంటింట్లోకి వచ్చి ఆమెను ఇటాలియన్‌లోనే నెమ్మదిగా అడిగాడు: "నన్ను గుర్తుపట్టక నాతో మాట్లాడడం లేదు. మీతో రోజూ ఏమంటున్నాడు?"

హాయిగా ఉన్నాడని చెప్పే మాట ఆమెకు వచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా.

"ఇంటికి పోతానంటున్నారు," అంది.

కారెక్కించే రోజు ఊరంతా ఏడ్చింది. సుజానా ఆయన కాళ్ల మీద కంబళి సర్దింది. "గ్రాత్సియె, సిన్యోరా," అన్నాడాయన మర్యాదగా. హోటల్లో వడ్డించిన ముక్కూమొహం తెలియని ఆడమనిషికి చెప్పే థాంక్స్ అది.

"నిన్నెవరడిగారు? ఆయన సమాధి మన కొండ మీద ఉండవలసింది," అని సువార్తరావు ఆ తర్వాత ఆమెతో మాట్లాడడం మానేశాడు.

వేసవిలో ఆయన పోయాడని కబురు వచ్చింది. ఆఖరి ఊపిరి దాకా మనల్నే తలుచుకున్నారని స్మారక పూజలో సువార్తరావు ప్రసంగించాడు. అందరూ ఆమెన్ అన్నారు. సుజానా మాత్రం పూజ ముగియకముందే లేచి, జనానికి వండాల్సిన అన్నానికి ఎసరు పెట్టడానికి వెళ్లిపోయింది.