మావయ్య లేస్తున్నాడు

మా మావయ్య కూర్చోవడం అందరిలాగే కూర్చుంటాడు. లేవడమే పెద్ద తతంగం. ముందు కాళ్లు ఆడిస్తాడు. తర్వాత కుర్చీ అంచుకు జరిగి, కళ్లు మూసుకుని ముప్పై లెక్కపెడతాడు. ఆపైన అత్తయ్య చెయ్యి పట్టుకుని లేచి, నిలబడ్డచోటే ఇంకో ముప్పై.

"బస్సు నడిపినవాణ్ణమ్మాయ్. ఇంజను వేడెక్కందే బండి కదపకూడదు. ఈ వయసులో లేవగానే రక్తం కాళ్లలోకి జారిపోతుంది. తలకెక్కడానికి టైము పడుతుంది" అంటాడు.

"ఎంతో పట్టదులే, తెల్లారేలోపు ఎక్కేస్తుంది" అంటుంది అత్తయ్య. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నిదానమంటే ఒళ్లుమంట. అయినా పక్కనే కూర్చుని, ఆయనతోపాటే అంచుకు జరిగి, ఆయన అంకె తప్పితే సరిదిద్ది, ఆయనతోపాటే లేస్తుంది. ఆవిడ ఎక్కడ కూలబడితే మావయ్యా అక్కడే చతికిలబడతాడు మరి.

కంటి ఆసుపత్రిలో వీళ్ల నంబరు పిలిచారు. మావయ్య పదిహేడు దగ్గరుండగానే వెనకాయన లోపలికెళ్లి, కళ్లజోడు రాయించుకుని బయటికొచ్చేశాడు. బస్సెక్కితే దిగేది ఎప్పుడూ తరవాతి స్టాపులోనే.

నేను నర్సును. ఒక ఆదివారం బీపీ మిషను పట్టుకెళ్లాను. అత్తయ్య కూరగాయలకు వెళ్లింది. మావయ్యను పడుకోబెట్టి చూస్తే నూట ముప్పై. "ఇప్పుడు లేచి నిలబడు" అన్నానో లేదో, కుర్రాడిలా టక్కున లేచి నిలబడ్డాడు! అప్పుడూ నూట ముప్పయ్యే. మూడు నిమిషాలాగి చూసినా అంతే.

"మావయ్యా! నీకు ఏ జబ్బూ లేదు!"

"అరవకు. మీ అత్తయ్యకుంది."

రెండేళ్ల కిందట ఆవిడ మంచం మీంచి గబుక్కున లేచి, కళ్లు తిరిగి పడిపోయిందట. పడుకున్నప్పటికీ నిలబడ్డప్పటికీ బీపీ ముప్పై తగ్గిపోతోందనీ, మెల్లగా లేవాలనీ డాక్టరు చెప్పాడట. 'నేనేమన్నా ముసలిదాన్నా?' అని ఆ డాక్టరు మీదే ఎగిరిందట.

"తనకోసం ఒక్క క్షణం ఆగదు. నాకోసమైతే తిట్టుకుంటూ అరవై దాకా ఆగుతుంది. చెయ్యి కూడా వదలదు" అన్నాడు మావయ్య.

ఇంతలో అత్తయ్య సంచితో వచ్చింది. "ఏమంటోంది మిషను?"

మావయ్య నా వంక దీనంగా చూశాడు.

"జాగ్రత్తగా ఉండాలత్తయ్యా. ఎప్పుడు లేచినా ఇద్దరూ కలిసే లేవండి."

అత్తయ్య నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించింది. "నేను లేకపోతే ఆయన గతేంటో పాపం! నాకైతే ఏ బాధా లేదే అమ్మాయ్. ఈ రెండేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కళ్లు తిరగలేదు!"