తువ్వాలు కింద పిడికిలి

మా చిన్నప్పుడు... సంతలో ఎడ్ల బేరం నోటితో జరిగేది కాదు. మా అయ్య భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పేవాడు. దాని కిందికి దళారీ చెయ్యి దూరేది. పైకి ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవారు... లోపల వేళ్లు బేరం ఆడేవి. పిడికిలి మొత్తం గట్టిగా పట్టుకున్నారంటే ఖాయం. ఇక మాట తిరగదు.

నేను ఎద్దు పలుపు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. "ఎంతకి తెగింది అయ్యా?" అంటే, "నోరుముయ్యిరా, సంతంతా ఇనేత్తది" అనేవాడు.

నన్ను బడి మాన్పించిందీ అలాగే. బెల్లం వండే ఆసామితో మాట్లాడుకుని వచ్చి, "రేపట్నించి పొయ్యి కాడికెల్లు" అన్నాడు. అంతే. నన్నెవరూ అడగలేదు. మూడో తరగతి అక్కడితో సరి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నా కూతురు ఎస్తేరు పుట్టాక ఒక్కటే అనుకున్నాను... దాని చదువులో నేను చెయ్యి పెట్టను.

ఆటగా మాత్రం ఆ వేళ్ల భాష నేర్పాను. చర్చిలో ప్రసంగం సాగుతుంటే నా తువ్వాలు కింద చెయ్యి దూర్చి వేలు నొక్కేది. బయటికెళ్లాక జీళ్లు కొనాలని. నేను పిడికిలి పట్టుకుంటే ఖాయం. వాళ్లమ్మ గుడ్లురిమేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనకాపల్లిలో ఎస్తేరు ఇంటర్ అయ్యింది. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. దానికి సివిల్ ఇంజనీరింగు కావాలి. అప్పట్లో ఏటి మీద వంతెన కడుతుంటే కాలేజీ నుంచి వస్తూ నిలబడి చూసేది. "నాన్నా, నీల్లలో ఆ స్తంభం ఎలా నిలబెట్టేరో తెలుసా?" అని అన్నం దగ్గర అడిగేది. నాకేం తెలుసు... మళ్లీ తనే చెప్పేది.

మా బావమరిది ఊరుకోలేదు. "బావా, ఆడపిల్ల సిమెంటు తట్టల కాడ నిలబడతాదేటి? అందరూ కంప్యూటర్ అంటన్నారు. ఫీజు నీది, నోరు దానిదా?"

"సదివేది అది. నువ్వూ కాదు, నేనూ కాదు. నోరుమూసుకో" అన్నాను.

కౌన్సెలింగుకి నేనే తీసుకెళ్లాను. ర్యాంకు పిలిచారు. లోపల ఏసీ... ఒళ్లు బిగుసుకుపోయే చలి. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన తెర చూపించి, "సివిలూ ఉంది, కంప్యూటర్సూ ఉంది. ఏది కావాలమ్మా?" అన్నాడు.

ఎస్తేరు నా వైపు చూసింది. నేను తెర వైపే చూశాను.

"తొందరగా తల్లీ, వెనక జనం ఉన్నారు. కంప్యూటర్స్ ఇచ్చేయమంటావా?"

అప్పుడు నా ఒళ్లో తువ్వాలు కిందికి దాని చెయ్యి దూరింది. చల్లగా ఉంది. పిడికిలి గట్టిగా పట్టుకున్నాను... భయపడకు, నేనున్నానని.

"కంప్యూటర్సే సార్" అంది.

మనసు మార్చుకుంది కాబోలనుకున్నాను. నేనొక్క ముక్క అనలేదు, నా కూతురే తేల్చుకుంది అని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. దానికి మంచి ఉద్యోగమే వచ్చింది. లోటేం లేదు.

ఈ మధ్య ఎస్తేరు కారులో నన్ను తీసుకెళ్తుంటే అదే వంతెన మీద ఆగిపోయాం. ముందు చెరుకు లారీ. "నీ మనవడికి ఏది కావాలో వాడే చెప్పాలని మా ఆయనకి గట్టిగా చెప్పేను నాన్నా" అంది.

"మంచిదే. నేనూ నిన్నే చెప్పనిచ్చేను కదా."

నవ్వింది. "బాగా చెప్పనిచ్చేవులే. ఆయన కంప్యూటర్స్ అనగానే పిడికిలి పట్టి ఖాయం చేసేసేవు. ఇంకేటి చెప్తాను?"

కోపం లేదు దాని గొంతులో. లారీ కదిలింది. కారూ కదిలింది.

నాకు ఏడుపు రాలేదు... ఏమీ రాలేదు. అది కాదమ్మా అని చెప్పొచ్చు. చెబితే, ఎవరూ వద్దనకుండానే సివిల్ వదిలేసుకున్నానని తెలుస్తుంది దానికి. నాన్న వద్దన్నాడనే ఇన్నేళ్లూ అనుకుంది... అదే ఉండనీ. నేనిక్కడ రాసేవన్నీ ఫోనులో చదివే తీరిక దానికి లేదు.

ఇప్పుడు భుజం మీద తువ్వాళ్లూ లేవు, ఆ బేరాలూ లేవు. సీట్లు కూడా ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో ఎంచుకుంటున్నారు. మొన్న మా మనవడు తన సీటు ఎంచుకుంటూ, "తాతా, రా, నా పక్కన కూచో" అన్నాడు. వెళ్లాను. కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

మీ పిల్లలు సీటు చెప్పేటప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి...? గుర్తుంటే కింద రాయండి.