ఈశ్వరమ్మ దాచుకున్న కేక

అది 1988. పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో ఒక హైస్కూలుకు నన్ను ఇంగ్లీషు టీచరుగా వేశారు. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి, చర్చి క్వాయరులో పాడుతూ పెరిగినదాన్ని కాబట్టి నా గొంతు కొంచెం పెద్దదే. ప్రొద్దుటూరులో నాతోపాటు చదువుకున్న స్నేహితురాళ్ళు ఆర్డరు చూసి, "ఆ పక్కకా! బాంబుల మధ్య గ్రామర్ చెప్తావా?" అని ఆటపట్టించారు. నిజంగానే ఆ రోజుల్లో అక్కడి పల్లెల్లో రెండేసి వర్గాలు, ఒక్కో వర్గానికి ఒక్కో పార్టీ జెండా. మా క్లాసులో మాత్రం రెండు వర్గాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే రబ్బరు ముక్క కోసం కొట్టుకునేవాళ్ళు.

బోర్డు మీద అర్థాలు రాసి వల్లె వేయించడమంటే నాకు మహా విసుగు. ఇంగ్లీషులో మాట్లాడే ఒక్కో తీరుకూ ఒక్కో క్రియ ఉంది. విస్పర్ అంటే గుసగుసలాడటం, మటర్ అంటే తనలో తాను సణుక్కోవడం, మంబుల్ అంటే మాటను నోట్లోనే నమిలెయ్యడం, షౌట్ అంటే అరవడం. వీటిని చెవితో నేర్చుకోవాలి గానీ కంటితో కాదని నా పట్టుదల. అందుకే తొమ్మిదో తరగతిలో చీటీల ఆట పెట్టాను. ఒక్కో చీటీ మీద ఒక్కో క్రియ. అందరికీ వాక్యం మాత్రం ఒకటే, "ది బస్ హాజ్ కమ్". బస్సు వచ్చింది అని. మా ఊరికి బస్సు రావడమే గొప్ప సంగతి కాబట్టి ఆ వాక్యానికి విలువ ఉండేది.

చీటీలో ఏ క్రియ వస్తే ఆ గొంతుతో పిల్లవాడు వాక్యం చెప్పాలి. వెంటనే క్లాసంతా అదే గొంతుతో దాన్ని తిరిగి చెప్పాలి. దీన్ని మేము కోరస్ డ్రిల్ అంటాం. ఆలోచించకూడదు, ఆగకూడదు, విన్నది విన్నట్టు అనెయ్యాలి. గొర్రెల కాపరి కొడుకు రామాంజికి మటర్ వచ్చింది. వాడు అచ్చం వాళ్ళ ముసలి జేజిలాగా మూతి తిప్పుతూ సణిగితే క్లాసంతా సణిగింది. నవ్వలేక నా పొట్ట పట్టుకున్నాను.

తర్వాత ఈశ్వరమ్మ లేచింది. దగ్గరి పల్లె నుంచి నడిచి వచ్చే పిల్ల, చదువులో చురుకైనది. షౌట్ చీటీ తీసింది. తీసి, వాక్యాన్ని గుసగుసగా చెప్పింది.

"గట్టిగా అరువమ్మా, నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"నేను అరవను టీచర్," అంది తల దించుకుని. ఎంత బతిమాలినా అంతే. మొండిఘటం అనుకుని కూర్చోబెట్టాను.

మర్నాడు వాళ్ళమ్మ గంగమ్మ వచ్చింది. వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

"నా బిడ్డను అరవమన్నారంట టీచరమ్మా?"

"పాఠం కోసం అడిగానమ్మా. తిట్టలేదు."

"తిట్టినా ఏం కాదు. కొట్టినా కొట్టండి. అరుపు మాత్రం అడగొద్దండి." చుట్టూ చూసి గొంతు ఇంకా తగ్గించింది. "మా ఇంటాయన పోయిన ఎలక్షన్లో బూతు ఏజెంటుగా కూర్చున్నాడు. అంతే ఆయన చేసిన తప్పు. అప్పట్నించి అవతలి వర్గమోళ్ళు ఆయన కోసం తిరగతాండారు. అందుకని ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్యాం. కొత్త మనుషుల్ని ఎవురు ముందు చూస్తే వాళ్ళు 'నాయనా' అని అరవాల. అరుపు ఇనపడితే ఆయన వెనక్కి కూడా చూడకుండా గోడ దూకాల. పిల్లోళ్ళు ఆటకు అరిచినారంటే, రేపు నిజంగా అరిచినప్పుడు ఆయన కదలడు. పండగ పూట కూడా మా ఇంట్లో ఎవురమూ గొంతెత్తం."

ఆమె వెళ్ళిపోయాక స్టాఫ్ రూములో ఆ చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. నేను క్వాయరులో గొంతు చించుకున్న వయసులో ఈ పిల్ల ఒక్క కేకను నాయన కోసం దాచిపెట్టుకుని తిరుగుతోంది. ఆ తర్వాత ఈశ్వరమ్మకు విస్పర్ చీటీ ఇచ్చాను. ఆమె గుసగుస చివరి బెంచీ వరకూ ఒక్క అక్షరం కూడా చెదరకుండా వినపడేది. అలవాటైన విద్య మరి.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, క్లాసు జరుగుతుండగా, తల మీద తువ్వాలు కప్పుకున్న మనిషి వెనక వరండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నేను ఈశ్వరమ్మ నాయనను టీచరమ్మా, ఓబులేసును. నా బిడ్డ ఇంగ్లీషు మాట్లాడతాదంట. ఒకసారి ఇనిపోదామని వచ్చినా."

ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరిగే మనిషికి ఇదీ కోరిక! ఈశ్వరమ్మను లేపాను. ఆమె గుసగుసగా చెప్పింది, క్లాసంతా గుసగుసగా చెప్పింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా, ఈడికి ఇనపళ్ళా," అన్నాడాయన.

ఈశ్వరమ్మ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆయనకు అర్థమైంది. "పోనీలే తల్లీ," అని నవ్వి, నీళ్ళు తాగడానికి వెనక గోడ దగ్గరున్న కొళాయి వైపు వెళ్ళాడు.

నేను బోర్డు వైపు తిరిగాను. ఈశ్వరమ్మ రోడ్డు వైపు కిటికీ పక్కన కూర్చునేది. గేటు దగ్గర జీపు ఆగడం, మనుషులు దిగడం ఆమే ముందు చూసింది.

"నాయనా!"

అంత అరుపు ఆ చిన్న గుండెలో ఎక్కడ పట్టిందో నాకిప్పటికీ తెలియదు. నేను నోరు తెరిచేలోగా క్లాసంతా ఒక్కసారిగా అరిచింది, "నాయనా!"

నేను నేర్పిన డ్రిల్లే. విన్నది విన్నట్టు, అదే గొంతుతో. ఆ వర్గం పిల్లలూ అరిచారు, ఈ వర్గం పిల్లలూ అరిచారు. ఎందుకు అరుస్తున్నామో ఎవరికీ తెలియదు. పక్క క్లాసుల పిల్లలు ఏమైందోనని బయటికి ఉరికారు, టీచర్లు వాళ్ళ వెంట ఉరికారు. గేటు దాటి నాలుగడుగులు వేసిన మనుషులు అంతమంది పిల్లల మధ్య ఆగిపోయారు.

"ఏంది సార్ ఈ గోల?" అని హెడ్మాస్టరును అడిగారు.

ఏమీ తెలియని ఆ మహానుభావుడు నా గది వైపు చిరాగ్గా చూసి, "ఇంగ్లీషు క్లాసు," అన్నాడు.

వాళ్ళు వరండాలన్నీ కలయజూసి, కాసేపు నిలబడి, జీపెక్కి వెళ్ళిపోయారు. కొళాయి ఇంకా కారుతోంది. వెనక గోడ మీద తువ్వాలు మాత్రం ఉంది.

"టీచర్, అది ఏం చీటీ?" అన్నాడు రామాంజి.

"ఆ చీటీ నేను రాయలేదురా," అన్నాను.

ఈశ్వరమ్మ పక్కన కూర్చుని ఆమెను దగ్గరికి తీసుకున్నాను. మళ్ళీ పాత గుసగుసతోనే నా చెవిలో అడిగింది, "దూకినాడా టీచర్?"

"దూకినాడమ్మా," అన్నాను. పిల్లల ముందు ఏడవకూడదంటారు. ఏడ్చాను.

కొన్నాళ్ళకు గంగమ్మ వచ్చింది. ఓబులేసు ప్రొద్దుటూరులో చుట్టాలింట్లో క్షేమంగా ఉన్నాడట. "బిడ్డ ఇంగ్లీషు ఈసారి గట్టిగానే ఇనపడిందని టీచరమ్మకు చెప్పమన్నాడు," అంది.

"అది ఇంగ్లీషు కాదు గదమ్మా," అంటే పెద్దగా నవ్వేసి, వెంటనే కొంగుతో నోరు మూసుకుంది.

తర్వాత ఇంకో ఎలక్షను వచ్చింది. రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీలో చేరి, ఒకే స్టేజీ మీద దండలు మార్చుకున్నారు. జీపులో వచ్చినవాళ్ళూ ఓబులేసూ పులివెందులలో ఒకే హోటల్లో టీ తాగారని విన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇంత సులువుగా తాగే టీ అయితే ముందే తాగొచ్చు గదా! ఆ ఇంటి పిల్లలు నోరు కట్టుకున్న పండగలు ఎవరు తిరిగిస్తారు? ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మనిషి దక్కాడు, అదే చాలనుకుంటాను.

ఆ తర్వాత ఎన్ని స్కూళ్ళు మారినా చీటీల ఆట మానలేదు. షౌట్ చీటీ చేతికిచ్చే ముందు మాత్రం, "మీ ఇంట్లో ఎవరు అరుస్తారు, ఎప్పుడు అరుస్తారు?" అని అడిగేదాన్ని. పిల్లలు చెప్పేవి విన్నాకే పాఠం మొదలుపెట్టేదాన్ని. నేను తెచ్చే ప్రతి మాటకూ వాళ్ళ ఇంట్లో అప్పటికే ఒక అర్థం ఉంటుందని ఈశ్వరమ్మ నేర్పింది. రిటైరయ్యాక ఆ తొమ్మిదో తరగతి రేకుల గది, సుద్ద వాసన, పిల్లలు సణిగిన సణుగుళ్ళు గుర్తొచ్చి అప్పుడప్పుడూ ఇంట్లో ఒంటరిగా నవ్వుకుంటాను.

మొన్నామధ్య ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో నడుస్తున్నాను. రోడ్డుకు అవతలి నుంచి "టీచర్!" అని కేక. అంగళ్ళవాళ్ళంతా తలెత్తి చూశారు. చంకలో మనవరాలితో ఈశ్వరమ్మ రోడ్డు దాటి పరుగెత్తుకొస్తోంది.

"ఏమైందమ్మా? అంత అరుపు అరిచినావు!" అన్నాను ఆమె చెయ్యి పట్టుకుని.

"ఏం కాలేదు టీచర్," అని పకపకా నవ్వింది. "ఊరికే అరిచినా."