మంజుల మూర

మా చిన్నప్పుడు... మా బడి వాకిట్లో క్లాసు క్లాసంతా వెల్లకిలా పడుకుని ఉండేవాళ్లం. లెక్కల పీరియడది!

తెలంగాణ వచ్చిన కొత్త... దేవరకొండ అవతల మా ఊరు. (నేను "మా చిన్నప్పుడు" అంటే మా అవ్వ నవ్వుతుంది, "నిన్న మొన్నటి పోరివి, నీకేం చిన్నప్పుడే" అని. నవ్వనీ.)

సారు ఒక్కొక్కరినీ వాళ్ల మూరతోనే కొలిపించేవారు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర. పొట్టోడైనా పొడుగోడైనా... ఎవరి మూరతో వాళ్లు దాదాపు నాలుగు మూరలే వచ్చేవాళ్లు. మాకదో గారడీలా ఉండేది.

బడి వసారా కొలిచినప్పుడు మాత్రం కొట్లాటే. ఒక్కో చేతికి ఒక్కో లెక్క మరి. సారు నవ్వి, నా పక్కన కూర్చునే మంజులను చెయ్యి చాపమన్నారు. ఆమె మూరంత వేపకట్టె కోసి, "ఇగ గిదే మన క్లాసు మూర" అన్నారు. ఆ రోజు నుంచి చెట్ల మధ్య దూరం, కబడ్డీ గీత, పశువుల తొట్టి... అన్నీ మంజుల మూరలే. దాని గర్వం చూడాలి అప్పుడు!

కొలిచేటప్పుడు అది "ఒకటి" అనేది కాదు. కల్లంలో జొన్నలు కొలుస్తూ వాళ్లమ్మ ఎల్లమ్మత్త అన్నట్టే "లాభం... రెండు... మూడు..." అనేది. మా దిక్కు మొదటి మానికకు లాభం అనే అంటారు. సారు కూడా దిద్దలేదు. మేమందరం అలాగే లెక్కపెట్టేవాళ్లం.

ఆ వానాకాలం... కుంటలో మట్టి కోసం జేసీబీతో తవ్విన గుంత నీళ్ల కింద కనబడకుండా పోయింది. ఒక ఆదివారం, నీళ్లలోకి పోయిన మేకపిల్ల కోసం దిగిన మంజుల ఆ గుంతలో మునిగిపోయింది.

ఊరి నోటికి మూత ఉంటుందా... "మోకాళ్ల లోతు నీళ్లల్ల గెట్ల మునుగుతది? పోరికి గాలి సోకింది" అన్నారు. గాలి సోకిన ఇల్లని ఎల్లమ్మత్త గడప తొక్కడం కూడా మానేశారు కొందరు.

ఒక పొద్దున ప్రార్థన అయ్యాక ఆమె బడికి వచ్చింది.

"సారూ, నా బిడ్డ మూర మీ తాన ఉన్నదంట గదా. జర దానితోని గా గుంత కొలిసి చూపియ్యున్రి. నా బిడ్డకు ఏ గాలి సోకలే."

సారు లోపలికి వెళ్లి ఆ వేపకట్టె తెచ్చారు. తర్వాత, "నడువున్రి" అన్నారు.

మమ్మల్ని గట్టు మీదే ఉండమన్నారు. అప్పటికే ఊళ్లోవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. సారూ, మంజుల వాళ్ల నాయినా మోకాళ్ల లోతు నీళ్లలో గుంత అంచు దాకా నడిచి, రాయి కట్టిన తాడు లోపలికి వదిలారు. రాయి అడుగున తగిలాక పైకి లాగి, తడిసినంత మేర ముడి వేసి, తెచ్చి గట్టు మీద పరిచారు.

కట్టెను ఎల్లమ్మత్తే తీసుకుంది. ముందు తన మోచేతికి ఆనించి చూసుకుంది. బిడ్డ చెయ్యి వచ్చినంత మేర తన చేతిని నిమురుకుంది. నాకు ఏడుపాగలేదు.

తర్వాత కట్టెను తాడు పక్కన పెట్టింది. లాభం అంటుందని అలవాటు కొద్దీ ఎదురుచూశాం. ఆమె నోరు తెరిచి, ఆగింది.

"ఒకటి" అంది.

"రెండు... మూడు... నాలుగు..."

తడి తాడు ఇంకా మిగిలే ఉంది.

"అయిదు."

మాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మంజుల నాలుగు మూరలు. దాని తల మీద ఇంకో మూర నీళ్లు.

"చూసిన్రా..." అంది ఎల్లమ్మత్త గట్టు మీదివాళ్లతో. "లోతున్నది. గంతే."

కుంట ఎండాక సారు ఆ గుంతలో స్తంభంలా నిలువుగా రాతి కడీ ఒకటి పాతించి, ఆ కట్టెతోనే కొలిచి ఎర్రగీతలు గీయించారు, నీళ్లెంత లోతున్నాయో పిల్లలకు తెలియాలని. కట్టె ఎల్లమ్మత్తకు ఇచ్చేశారు.

ఇప్పటికీ ఎండాకాలం ఊరికి వెళ్తే ఆ గీతల మధ్య నా చెయ్యి ఆనిస్తాను. నా వేళ్లు గీత దాటి పైకి పోతాయి. మంజుల చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. వానాకాలం పిల్లలు గట్టు మీద నిలబడి గీతలు లెక్కపెడుతుంటే, ఆ గొంతుల్లో దాని గొంతు వినబడినట్టై వెనక్కి తిరిగి చూస్తాను.

ఇప్పుడు మానికలు అటకెక్కాయి, అంతా కాంటాలే. మీ ఇళ్లలో మొదటి కొలతకు ఇంకా లాభం అంటున్నారా? అంటుంటే కింద రాయండి... చదవాలని ఉంది.

మా కుంట గట్టు మీద మాత్రం, మంజుల ఎవరో తెలియని పిల్లలు కూడా "ఒకటి" అనే మొదలుపెడతారు.