ఎర్రవైపు ఉండిపోయిన బిళ్ల

బావ పోయిన కబురు నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేనే ఫోన్ చేసి తెలుసుకున్నాను, అదీ పొరపాటున. మా సెయిలింగ్ క్లబ్బులో ఆదివారం డ్యూటీలు ఎవరెవరికో చూసి రాసే పని నాది. ప్రతి గురువారం పొద్దున్న బ్యాంకుకి బయల్దేరే ముందు సభ్యులకు వరసగా ఫోన్లు చేస్తాను. ఆ రోజు ఆరుగురికి చేస్తే ఒక్కరూ దొరకలేదు. ఒకరింట్లో వ్రతం, ఒకరికి నడుం నొప్పి, ఒకాయన అసలు ఫోనే ఎత్తలేదు. విసుగొచ్చి, అలవాటు ప్రకారం నా వేలు ఆఖరి నంబరు మీదికి వెళ్లిపోయింది. ఆ నంబరు మనిషి పదకొండు రోజులుగా ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నాడని, ముందురోజు సాయంత్రం నేనే వెళ్లి చూసొచ్చానని ఆ క్షణాన గుర్తే లేదు. ఫోన్ అక్క ఎత్తింది.

"ఎల్లిపోనారు తమ్ముడూ మీ బావ. పొద్దున్న అయిదింటికి," అంది. "నీకెవులు సెప్పినారు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదని, డ్యూటీకి రమ్మని పిలవడానికి చేశానని ఏ నోటితో చెప్పను? వస్తున్నాను అక్కా అని మాత్రం అన్నాను.

బావంటే చుట్టరికమేమీ లేదు. మా వైపు మగవాళ్లం మనసుకు నచ్చినవాణ్ణి బావా అంటాం, అంతే. ఆ లెక్కన ఆయన భార్య నాకు అక్క. ఆయనకు ఆటోనగర్‌లో చిన్న లేత్ షెడ్డు ఉండేది. తొమ్మిదేళ్ల కిందట మా రెస్క్యూ బోటు ఇంజను మొరాయిస్తే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. బాగుచేసి, ఆదివారం తనే దాన్ని ఆటోలో వేసుకొచ్చి బిగించాడు. ఆ రోజు ఒడ్డు డ్యూటీ మనిషి ఎగ్గొట్టాడు. ఒడ్డు డ్యూటీ అంటే పెద్ద పనేం కాదు. పొద్దుటి నుంచి పడవలన్నీ తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడి ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు అని చూసుకోవడం, ఎవరైనా చిక్కుల్లో పడితే రెస్క్యూ బోటుని పంపడం. తెరచాప ఎత్తుకుని పోదామని వచ్చినవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. అందుకే మావాళ్లు దాన్నుంచి తప్పించుకోని రోజు లేదు. "కాస్తసేపు ఇక్కడ నిలబడతారా?" అని ఆయన్ని అడిగాను. నిలబడ్డాడు. కాస్తసేపు అన్నది తొమ్మిదేళ్లయింది.

అప్పట్లో మాకో నోటుబుక్కు ఉండేది. వెళ్లేటప్పుడు అందరూ సంతకం పెట్టేవారు, వచ్చాక ఎవరూ పెట్టేవారు కాదు. రెండో ఆదివారమే బావ దాన్ని చూసి పెదవి విరిచాడు. మూడో ఆదివారానికి గాజువాకలో బస్సెక్కి, సంచి నిండా గుండ్రటి రేకు బిళ్లలు తెచ్చాడు. షెడ్డులో మిగిలిన రేకుముక్కలు కోసి, అంచులు అరగదీసి, మా పేర్లు చెక్కి, ఒక వైపు ఎర్ర రంగు, ఒక వైపు పచ్చ రంగు వేశాడు. గోడకో చెక్క బోర్డు, దానికి మేకులు. సముద్రంలోకి వెళ్లేవాడు తన బిళ్లను ఎర్రవైపు తిప్పాలి. ఒడ్డెక్కాక పచ్చవైపు తిప్పాలి. ఎవరి బిళ్ల వాళ్ల చేత్తోనే తిప్పాలి. ఆఖరి బిళ్ల పచ్చబడేదాకా ఒడ్డు డ్యూటీ మనిషి కదలకూడదు. ఇవన్నీ ఆయన పెట్టిన రూల్సే. మా కమిటీ మీటింగుల్లో ఏడాది పట్టే పనిని ఆయన నాలుగు మేకులతో తేల్చేశాడు.

"సముద్రానికి మన పేర్లు తెలీవు బావా," అనేవాడు. "బోర్డుకైనా తెలియాల కదేటి."

ఆ రూలు దగ్గర ఎవరినీ వదిలేవాడు కాదు. మా క్లబ్బులో పిల్లల డాక్టరు గారొకరున్నారు. మంచి మనిషి, మతిమరుపు మనిషి. ఒక సాయంత్రం పడవ కట్టేసి, బిళ్ల సంగతి మరిచిపోయి ఇంటికెళ్లిపోయారు. పడవ ఒడ్డునే ఉందిగా, నేను తిప్పేస్తాలే అన్నాను. "నువ్వు సూసినావేటి ఆయన్ని?" అన్నాడు బావ. ఫోన్ చేస్తే ఆయన బిర్యానీ ముందు కూర్చుని ఉన్నారట. బావ తిట్టలేదు. "తినీసి రండి డాక్టరు గారూ, నానిక్కడే ఉంతాను," అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా సరిగ్గా కాకుండానే వచ్చి, మా అందరి నవ్వుల మధ్య బిళ్ల తిప్పి వెళ్లారు. ఆ తర్వాత ఎవరూ మరిచిపోలేదు.

ఎండలోనైనా ఖాకీ చొక్కానే వేసుకునేవాడు, జేబులో చిన్న స్క్రూడ్రైవరు. మధ్యాహ్నం స్టీలు కేరేజీలో చోడిపిండి అంబలి, రెండు పచ్చిమిరపకాయలు. సముద్రంవైపు చూసేటప్పుడు తల ఓ పక్కకి వంచేవాడు. ముప్పయ్యేళ్ల లేత్ చప్పుడుకి ఎడమ చెవి పోయింది. పోయిన చెవిలో చప్పుడు మాత్రం పోలేదట. "షెడ్డు మూసీసినా సెవిలో లేత్ తిరుగుతానే ఉన్నాది బావా," అని నవ్వేవాడు. నిద్రలో కూడా ఆగదని అక్క చెప్పింది.

ఈ ఏడాది ఒక ఆదివారం, తొమ్మిదేళ్లలో మొదటిసారి, నన్నొకటి అడిగాడు.

"ఒక్కసారి నన్ను కూడా ఆ తెరసాప కింద కూసోబెట్టు బావా. ఇంజను లేకుండా పోతాది కదా. ఆ నిమ్మలానికైనా ఈ సెవిలో గోల ఆగుతాదేమో సూడాల."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ మేమంతా ఆయన ముందునుంచే సముద్రంలోకి పోయాం, నువ్వూ వస్తావా అని ఒక్కరం అడగలేదు. తప్పకుండా అన్నాను. అయితే ఆ రోజు ఒడ్డు డ్యూటీకి ఇంకెవరైనా నిలబడాలి. గ్రూపులో మెసేజ్ పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి, మనిషి రాలేదు. అలా మూడు ఆదివారాలు పోయాయి. నాలుగోసారి డాక్టరు గారు ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం బావ ఖాకీ చొక్కా మానేసి కొత్త నీలం చొక్కా వేసుకొచ్చాడు. లైఫ్ జాకెట్ నేనే తొడిగి పట్టీలు బిగించాను. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఒక కాలు పడవలో పెట్టాడు కూడా. అప్పుడు నా ఫోన్ మోగింది. డాక్టరు గారు. తోడల్లుడు కుటుంబంతో సహా చెప్పాపెట్టకుండా దిగాడట, రాలేనన్నారు. నా మొహం చూడగానే బావకి అర్థమైపోయింది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పర్లేదులే బావా. సముద్రం ఎక్కడికెల్తాది, ఇక్కడే ఉంతాది," అంటూ పట్టీలు తనే విప్పుకున్నాడు.

ఇక్కడ నేను చేసింది రాయకపోతే ఈ రాసిందంతా దండగ. డ్యూటీకి నేను నిలబడి, ఆయన్ని ఇంకొకరి పడవలో పంపించొచ్చు. పక్కనే మూడు పడవలు సిద్ధంగా ఉన్నాయి. ఆ ఆలోచన నాకు రాకపోలేదు, వచ్చింది. కానీ ఆ రోజు వీచినంత మంచి గాలి ఏడాదికి నాలుగు రోజులు కూడా దొరకదు. వచ్చే వారం చూద్దాం బావా అని, నా బిళ్ల ఎర్రవైపు తిప్పి, వెళ్లిపోయాను. లంగరేసిన ఓడల వైపు తిరుగుతూ వెనక్కి చూస్తే ఒడ్డున నీలం చొక్కా కనిపించింది. చెయ్యి ఊపాను. ఆయన బైనాక్యులర్ దించి రెండు చేతులూ ఊపాడు.

తర్వాతి ఆదివారం గాలి లేక పడవలే దించలేదు. ఆ మర్నాడే షెడ్డులో కూలబడిపోయాడు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు.

మా క్లబ్బులో అందరికీ ప్రాణం కాపాడే శిక్షణ ఉంది. మునిగిపోయేవాడికి తాడు ఎలా విసరాలో, గుండె ఎలా అదమాలో నేర్చుకుని సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లం. అంతమందిమీ ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. డాక్టరు గారు రోజూ లోపలికెళ్లి రిపోర్టులు చదివి, వచ్చి నా పక్కన కూర్చునేవారు. ఒకరోజు ఆగలేక, మేం చెయ్యాల్సింది ఏదైనా ఉందా అమ్మా అని నర్సుని అడిగాను. "ఏం లేదు సార్, కూర్చోండి," అంది పాపం మర్యాదగానే. అక్క ఆయన చెప్పులు కవర్లో పెట్టుకుని ఒళ్లో ఉంచుకుంది. లేవగానే అడుగుతారని.

ఒకసారి నన్ను రెండు నిమిషాలు లోపలికి వదిలారు. చుట్టూ మిషన్లు ఒకటే మోత. పాపం, అక్కడ కూడా ఆయనకి నిమ్మళం లేదు. వినిపించే చెవి దగ్గర వంగి, "బావా, ఆదివారం డ్యూటీకి ఎవడూ దొరకలేదు," అన్నాను. ఆ మాటకి కళ్లు తెరుస్తాడని నిజంగా నమ్మాను. తెరవలేదు.

అస్థికలు సముద్రంలో కలపాలని అక్క అంది. ఇంజను బోటు వద్దు, తెరచాప పడవే కావాలని నేనన్నాను. ఆ రోజు ఒడ్డు డ్యూటీకి ఎవరని గ్రూపులో అడిగితే, ఐదు నిమిషాల్లో పదకొండు మంది నేనంటే నేనన్నారు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఎవరూ అక్కర్లేదు, డ్యూటీ నాది అని రాశాను. పడవ నడపడానికి డాక్టరు గారు వస్తానన్నారు.

పొద్దున్న అక్క వచ్చి నా చేతిలో ఏదో పెట్టింది.

"ఆ నీలం సొక్కా ఉతుకుదామని తీత్తే జేబులో ఉన్నాది. ఆయన పేరే రాసుంది. ఏటిది తమ్ముడూ?"

రేకు బిళ్ల. కొత్తది. అందరి బిళ్లలూ చేసిన మనిషికి తన బిళ్ల లేదు, అవసరం పడలేదు కనక. నాతో వస్తానన్న ఆదివారం కోసం చేసుకున్నాడు. అంచులు ఎంత నున్నగా అరగదీశాడో. ఆ రోజు జేబులోంచి తీయనైనా తీయకుండా ఇంటికి పట్టుకుపోయాడు. అక్కకి విషయం చెప్పాను.

"అయితే తగిలించీ," అంది అక్క.

ఖాళీగా ఉన్న మేకుకి తగిలించి, ఎర్రవైపు తిప్పాను. అక్క కుండ ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుంది. తెల్లటి తెరచాప ఓడల వైపు చిన్నదవుతూ పోయింది. నేను బైనాక్యులర్ దించలేదు. ఒడ్డున నిలబడ్డవాడికి చెయ్యడానికి ఏమీ ఉండదని, చూస్తూ ఉండడమే పని అని నాకు ఆ రోజు తెలిసింది. తొమ్మిదేళ్లు ఆయన మా కోసం చేసింది అదే.

మధ్యలో గాలి పడిపోవడంతో సాయంత్రం దాటుతుండగా తిరిగొచ్చారు. డాక్టరు గారు తన బిళ్ల పచ్చవైపు తిప్పారు. పేరు లేని అతిథుల బిళ్ల ఒకటి పొద్దున్న అక్కకి ఇచ్చాం, దాన్ని అక్క తిప్పింది. తర్వాత ఆమె చెయ్యి పక్క మేకు దగ్గరికెళ్లి ఆగింది.

"ఇది కూడా తిప్పీనా తమ్ముడూ?"

బోర్డు దగ్గర చేరిన క్లబ్బు వాళ్లంతా నావైపు చూశారు. డ్యూటీ మనిషిని నేనే కదా. ఊఁ అంటే అయిపోయేది. కానీ ఎవరి బిళ్ల వాళ్లే తిప్పాలి. పొద్దున్న దాన్ని ఎర్రవైపు తిప్పేటప్పుడు, తిరిగి తిప్పాల్సింది ఎవరన్నది నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లు ఆ బోర్డు చూసినవాణ్ణి, ఆ పొరపాటు ఎలా చేశాను?

అక్కే చెయ్యి దించేసింది. "వద్దులే. ఆయన ఒప్పుకోరు." మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "అక్కడ ఏ సప్పుడూ లేదు తమ్ముడూ. శానా నిమ్మలంగా ఉన్నాది," అని చెప్పింది. ఆ మాట నాకు చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చినట్టుంది.

అందరూ వెళ్లిపోయారు. గాలి పెరిగింది. బోర్డు మీద ఆ ఒక్క బిళ్లే వదులుగా ఊగుతూ చెక్కకి తగిలి టక్కుటక్కుమంటోంది. వాచ్‌మన్ తాళాలు పట్టుకొచ్చాడు.

"అందరూ వచ్చీసినారా సార్? గేటు ఏసీమంటారా?"

"ఇంకొక్కరు రావాలి," అన్నాను. "కాసేపుండు."