నీలం డ్రమ్ము కనబడగానే

నీలం డ్రమ్ము కుడి అద్దంలో కనబడగానే స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పాలి. కరెంటు స్తంభం అద్దంలోంచి మాయమవగానే తిన్నగా చెయ్యాలి. సగం కట్టి వదిలేసిన గోడ దగ్గరకొచ్చాక ఆగాలి. లారీని వెనక్కి తీసుకురావడమంటే ఇదేనని, కూర్మన్నపాలెం వెనకాల ఒక ఖాళీ స్థలంలో నాకు నేర్పారు. నేనూ ఇంతేననుకున్నాను. ఈ మూడు ముక్కల్నీ స్నానం చేస్తూ, అన్నం తింటూ ఎక్కంలా అప్పజెప్పుకునేవాణ్ణి. నలభై దాటాక బడికి వెళ్ళినవాడికి లెక్కలు ఎలాగూ రావు, ఎక్కాలే గతి.

అంతకుముందు పోర్టులో కాంట్రాక్టు మీద సిగ్నల్ చూపించే పని చేసేవాణ్ణి. క్రేన్ నడిపే మనిషి పైన గదిలో ఉంటాడు. కింద సరుకు అతనికి సరిగా కనబడదు. ఎదురుగా నిలబడి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చూపించే మనిషిని నేను. పద్నాలుగేళ్ళు చేతులెత్తడమే నా ఉద్యోగం. ఆ తరవాత క్రేన్లకి కెమెరాలు వచ్చాయి, మా కాంట్రాక్టరు కూడా నన్ను చూసి చేతులెత్తేశాడు. చేతులెత్తడంలో ఆయనకి నా అంత నైపుణ్యం లేకపోయినా, చెప్పదలచుకున్నది మాత్రం స్పష్టంగా అర్థమైంది.

మా ఆవిడ మల్కాపురంలో చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ఇల్లు ఆవిడ నడుపుతోంది, బడిలో పిల్లల్ని ఆవిడే నడుపుతోంది, కొన్నాళ్ళకి నన్నూ ఆవిడే నడపసాగింది. నేనేదో ఒకటి నడపకపోతే బాగుండదనిపించింది. గాజువాక దాటితే చాలు, ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందూ ‘డ్రైవర్లు కావలెను’ అని బోర్డు ఉంటుంది. కొన్ని బోర్డులు ఎండకి వెలిసిపోయి ఉండేవి. పాపం ఎంతకాలంగా కావలెనో అనుకుని సంతోషించాను. ఎంతకాలంగా ఎవరినీ తీసుకోలేదో అని అనుమానించాల్సింది. కారు లైసెన్సు ఎప్పుడో తీసుకున్నాను. కారు తీసుకోలేదు, అది వేరే సంగతి. ఆ లైసెన్సు ఉంది కాబట్టి హెవీ నేర్చుకోవచ్చన్నారు. చేరాను. నాకు కావలసింది ఒక్క సీటు, అంతే.

మాకు నేర్పే పెద్దాయన వన్‌టౌన్ నుంచి వచ్చేవారు. ముప్పై ఏళ్ళు లారీ తోలి, మోకాళ్ళు మొరాయించాక మాస్టారయ్యారు. ఆయనకి మేమంతా ‘భాయ్’లం, ఆయన మాకు మాస్టారు. ఎడమ సీట్లో కూర్చుని బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకునేవారు.

మొదటి వారమే నా జబ్బు బయటపడింది. సిగ్నల్ చూపించేవాడు క్రేన్‌కి ఎదురుగా నిలబడతాడు కదా, వాడి ఎడమ అవతలివాడికి కుడి. పద్నాలుగేళ్ళు నేను ఎప్పుడూ అవతలివాడి ఎడమనే తలుచుకుని చెయ్యి చూపించాను. సొంత ఎడమ ఒకటుందన్న సంగతి మరిచిపోయాను. మాస్టారు ఎడం అనగానే నా చెయ్యి శుభ్రంగా కుడికి తిప్పేది.

“ఏటి భాయ్, ఎడం అంటే కుడికి తిప్తన్నావ్. అన్నం ఏ సేత్తో తింతావ్?”

“కుడి చేత్తోనండి.”

“అయితే తినని సేతి ఏపు తిప్పు.”

అప్పటినుంచి భోజనాన్ని బట్టి తిప్పడం మొదలుపెట్టాను. బండి మాట వినసాగింది. ఆకలి మాత్రం ఎక్కువైంది.

ఒక సందేహం అప్పుడే వచ్చింది, అడిగాను కూడా.

“మాస్టారూ, డ్రమ్ము దగ్గరే ఎందుకండీ తిప్పడం?”

“ఆడుంది కాబట్టి.”

“లేకపోతే?”

“ఎక్కడికెల్లిపోద్ది? నిండా నీళ్ళు. నువ్వూ నానూ కలిసి తోసినా కదల్దు.”

ఆయన మాటలో నిజం ఉంది. డ్రమ్ము కదల్లేదు. నేను రోజూ దాన్ని చూసి తిప్పాను, రోజూ గోడ ముందు గీత గీసినట్టు ఆగాను. పరీక్షనాడు ముందుకు ఎనిమిది అంకె వేయించి, వెనక్కి కాస్త తిన్నగా రమ్మన్నారు. వచ్చాను. లైసెన్సు చేతికొచ్చింది.

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు ‘మన సహోదరుని హెవీ లైసెన్సు కొరకు’ అని మా ఆవిడ చీటీ రాసిచ్చింది. లైసెన్సు వచ్చాక ‘హెవీ లైసెన్సు పొందిన సహోదరుని ఉద్యోగము కొరకు’ అని సవరించింది. ఉద్యోగం వస్తే ముందుకొచ్చి సాక్ష్యం చెబుతానని మొక్కుకుంది కూడా. మేలు జరిగినవాళ్ళు సంఘం ముందు నిలబడి ఏం జరిగిందో చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. టీచరు కాబట్టి ఆ సాక్ష్యాన్ని ముందుగానే కాగితం మీద రాసేసుకుంది. ఉద్యోగం వివరాల దగ్గర మాత్రం కొంచెం ఖాళీ వదిలింది. ఆ కాగితం బైబిల్లో ఉండేది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకునేవారు.

“ఏటి బావా, బండెక్కీసినావా?”

“ఇంకా నేదు బావా.”

“ప్రార్థన సేత్తన్నాం మరి.”

ఆ ‘మరి’లో నాకు కొంచెం నింద వినిపించేది. వాళ్ళ వంతు వాళ్ళు చేస్తున్నారు కదా.

ముందు మా మల్కాపురంలోనే ఆయిల్ ట్యాంకర్ల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమస్తా మంచివాడు, టీ తెప్పించాడు.

“ప్రమాదమైన సరుకు కదండీ. దానికి వేరే ట్రైనింగు సర్టిఫికెట్టు ఉండాల.”

“తెచ్చుకుంటానండి.”

“తెచ్చుకున్నాక రెండేళ్ళ అనుభవం ఉండాల.”

“అదెక్కడ దొరుకుతుందండి?”

“బండి తోల్తే వొచ్చీద్ది.”

“బండి ఎవరిస్తారండి?”

“అనుభవం ఉంటే ఎవులైనా ఇచ్చీత్తారు.”

ఇద్దరం కాసేపు టీ తాగాం. ఎవరి తప్పూ ఉన్నట్టు కనబడలేదు.

అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు నడిపే చోటికి వెళ్ళాను. “మనుసుల్ని ఎక్కించే బండి బావా ఇది. ముందు సరుకు మీద సెయ్యి తిరగనీ,” అన్నారు. సరుకు దగ్గరికి వెళ్తే, ఉక్కు కాయిల్ ఒక్కోటి ఎంత ఖరీదో తెలుసా అన్నారు. మనుషులు విలువైనవాళ్ళు, చమురు ప్రమాదం, ఉక్కు ఖరీదు. నాకు అప్పగించగలిగినంత చవకైన వస్తువేదీ ఈ ఊళ్ళో తయారు కావడం లేదని తేలింది. డ్రైవర్లు లేరంటారు. నేనున్నానంటే, నువ్వు డ్రైవరు కాదంటారు. లైసెన్సు తీసి మళ్ళీ చదువుకున్నాను. దానిమీద నేనే ఉన్నాను.

చివరికి స్టీల్‌ప్లాంటు వైపు, ఇనుప చువ్వలు మోసే లారీల యార్డు ఒకటి నన్ను ట్రయల్‌కి రమ్మంది. ఆ యార్డు ఇన్‌చార్జి నా లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూసి, “అనుభవం అడగను. బండి ఆ రెండు లారీల మధ్యకి ఎనక్కి పెట్టు, సాలు,” అన్నాడు. అనుభవం అడగని మనిషిని చూడడం అదే మొదలు. నా పక్కన వాళ్ళ సీనియర్ డ్రైవరు ఒకాయన ఎక్కాడు. యాభై ఏళ్ళుంటాయి, మెడలో తువ్వాలు, మాట తక్కువ.

బండి మెల్లగా వెనక్కి పోనిచ్చాను. యార్డు విశాలంగా ఉంది. స్తంభం లేదు. సగం గోడ లేదు. ఎక్కడ తిప్పాలో తెలియలేదు. అప్పుడు కుడి అద్దంలో కనబడింది. నీలం డ్రమ్ము. అంత నీలం, అంతే ఎత్తు, నిండా నీళ్ళు. పరాయి ఊళ్ళో చుట్టం కనబడినట్టయింది. దేవుడు ప్రార్థన విన్నాడనే అనుకున్నాను. తినని చేతి వైపు పూర్తిగా తిప్పేశాను.

నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. చెప్పే ఉంటారు, నేను డ్రమ్మును చూస్తూ ఉండి ఉంటాను. వెనక్కి వచ్చేటప్పుడు లారీ తోక ఎడమకి పోతే, మూతి కుడికి పోతుంది. ఖాళీ స్థలంలో మూతి ఎటు పోయినా అడిగేవాడు లేడు. ఇక్కడ తోక పక్క లారీ మీదికి బయల్దేరింది. మూతి డ్రమ్ము మీదికి బయల్దేరింది.

“ఆపు,” అన్నాడు పక్కాయన.

ఆపాను. పక్క లారీకి జానెడు దూరంలో తోక ఆగింది. బంపరు మాత్రం అప్పటికే డ్రమ్మును తోసేసింది. ఇద్దరు కలిసి తోసినా కదలదన్నారు మాస్టారు. లారీ సంగతి చెప్పలేదు. అవి రాయపూర్ నుంచి దిగిన డ్రైవర్లు స్నానానికి పట్టుకున్న నీళ్ళట. ఒళ్ళంతా సబ్బు పూసుకున్న ఒకాయన చెంబుతో అలాగే నిలబడి, తన నీళ్ళు యార్డు గేటు దాకా వెళ్ళడం చూస్తున్నాడు.

ఇన్‌చార్జి వచ్చాడు. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“అంత ఖాళీ ఉంది కదా. ఆడెందుకు తిప్పీసినావు?”

అబద్ధం ఆలోచించే వ్యవధి లేదు.

“డ్రమ్ము కనబడిందండి.”

“కనబడితే?”

“కనబడగానే తిప్పాలని నేర్పారండి.”

సబ్బాయన ముందు నవ్వాడు. తరవాత అందరూ. ఇన్‌చార్జి నా లైసెన్సు నాకు తిరిగిచ్చేశాడు. అప్పుడు సీనియర్ డ్రైవరు తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగాడు.

“కూర్మన్నపాలెం ఎనకాల నేర్సుకున్నావేటి? బీడీ ఎలిగించని మాస్టారు?”

“అవునండి.”

“మా టయానికి డ్రమ్ము ఎర్రది,” అన్నాడు. ఇన్‌చార్జి వైపు తిరిగి, “నానూ మొదట్లో టీకొట్టు పందిరి కూల్చీసినాను. అక్కడా ఒక ఎర్ర డ్రమ్ముండీది. ఈడు నా బండెక్కుతాడు. ఎడం సీటు. ఆరు నెల్లు స్టీరింగు అడక్కూడదు,” అన్నాడు.

“ఎందుకూ?” అన్నాడు ఇన్‌చార్జి.

“ఆపు అంటే ఆపీసినాడు. సానామందికి అది కూడా రాదు.”

సోమవారం నుంచి రమ్మని ఇన్‌చార్జి వెళ్ళిపోయాడు. నేను డ్రమ్ము లేపి నిలబెట్టి, కుళాయి నుంచి బకెట్లతో నింపాను. సబ్బాయన ఎండలో తెల్లగా ఆరిపోతూ కాచుకున్నాడు. దారిలో మాస్టారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“నాను తిప్పమన్నది మన డ్రమ్ము కాడ భాయ్,” అన్నారాయన బాధగా. “ఊళ్ళో ఉన్న డ్రమ్ములన్నిటికీ నాను జవాబ్దారేటి?”

ఇంట్లో మా ఆవిడ బైబిల్లోంచి కాగితం తీసింది, పెన్ను మూత తీసింది.

“ఉజ్జోగం వొచ్చినట్టా, రానట్టా?”

“తెలీటం నేదు.”

“డ్రైవరా, క్లీనరా?”

“లైసెన్సు డ్రైవరుది. సీటు క్లీనరుది.”

“మరేటి రాయమంతారు ఇక్కడ?”

ఆదివారం ఆవిడ ముందుకెళ్ళి, ‘నా భర్తకు ప్రభువు లారీలో ఒక సీటు అనుగ్రహించెను’ అని చదివింది. ఏ వైపు సీటో చెప్పలేదు. అందరూ ఆమెన్ అన్నారు. గుమ్మం దగ్గర ఎప్పుడూ పలకరించే బావ నా చెయ్యి గట్టిగా ఊపి, “బండి జాగర్త బావా,” అన్నాడు. జాగ్రత్త అన్నాను.

సోమవారం పొద్దున్నే యార్డుకి వెళ్ళి, అలవాటుగా కుడివైపు తలుపు పట్టుకున్నాను. స్టీరింగు ముందు సీనియర్ డ్రైవరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. లారీ చుట్టూ తిరిగి ఎడమవైపు ఎక్కాను. కూర్చున్నానో లేదో, “దిగు,” అన్నాడు. “బండి ఎనక్కి పెడతాను. ఎనక నిలబడి సెయ్యి సూపు.”

దిగి, లారీ వెనక నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను. చువ్వలు దించేసిన ఖాళీ లారీ, నా చెయ్యి ఎటు కదిలితే అటు కదులుతూ నా మీదికి వచ్చింది. పద్నాలుగేళ్ళు చేసిన పనే. ఇంత తిరిగి బయల్దేరిన చోటికే వచ్చానా, లేక ఇది ముందుకు రావడమేనా అన్నది నాకు అంతుపట్టలేదు. వచ్చేది మాత్రం రివర్సులో వస్తోంది. రెండు లారీల మధ్య, అటు మూర ఇటు మూర ఖాళీతో, అది నా అరచేతి ముందు ఆగింది.

ఆయన దిగి వెనక్కి వచ్చాడు.

“సూసినావు కదా. ఎక్కడ తిప్పినాను?”

చెయ్యి లారీకి చూపించాను గానీ, కళ్ళు ఆసాంతం డ్రమ్ము మీదే ఉన్నాయి, మళ్ళీ పడుతుందేమోనని.

“డ్రమ్ము దగ్గర మాత్రం కాదండి,” అన్నాను.

ఆయన తువ్వాలు భుజం మార్చుకుని, మళ్ళీ బండెక్కాడు. లారీని మొదటినుంచి తేవడానికి ముందుకు పోనిచ్చాడు. ఈసారి నేను డ్రమ్ముకి వీపు పెట్టి నిలబడ్డాను.