పెద్దాయన చుట్టూ ఆరుగురు

నేను పత్రికలో రోజూ నాలుగు గళ్ల బొమ్మల కథ గీస్తాను. మొదటి బొమ్మ ఎప్పుడు గీశావని అడిగితే గుర్తులేదని తప్పించుకుంటాను. గుర్తులేకేం! ఆ బొమ్మ మా నాన్నకు ఒక సాయంత్రమంతా ప్రాణం మీదికి తెచ్చింది.

అప్పుడు జమ్మలమడుగులో ఏడో తరగతి. నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టరు. ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఏ అంగడి ఎవరి పక్షమో, ఏ మంగలి షాపు ఎవరిదో అందరికీ తెలుసు. ఏ పక్షమూ కాని నాన్నకు ఇంట్లో అమ్మే జుట్టు కత్తిరించేది. అందుకే ఆయన తల ఎప్పుడూ ఒక వైపు ఒరిగినట్టుండేది.

ఒకరోజు పులివెందుల నుంచి బస్సులో వస్తుంటే దారి పక్కన రెండు జీపులు కనబడ్డాయి. కంపచెట్ల దగ్గర ఆరుగురు గుండ్రంగా నిలబడి అన్ని దిక్కులూ చూస్తున్నారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి, మధ్యలో కూర్చున్న మనిషి తెల్ల తలగుడ్డ కనబడింది. మా ఊళ్లో ఒక పక్షానికి పెద్దాయన. ఒంటికి పోసుకోవడానికి కూర్చున్నాడు.

ఇంటికి రాగానే లెక్కల నోట్సు వెనక నాలుగు గళ్లు గీశాను. పెద్దాయన తింటుంటే చుట్టూ ఆరుగురు. పడుకుంటే ఆరుగురు. స్నానం చేస్తుంటే ఆరుగురు. నాలుగో గడిలో కంపచెట్టు, ఆరుగురిలో ఒకడు, “అన్నా, అయిపాయనా?” అంటున్నాడు.

మర్నాడు నోట్సు బెంచీ బెంచీ తిరిగి పెద్దాయన మనవరాలి దగ్గరికి చేరింది. ఆ పిల్ల కూడా పగలబడి నవ్వింది. “మా జేజికి చూపిచ్చి తెస్తా” అని వాళ్ల నానమ్మ కోసం ఇంటికి పట్టుకుపోయింది.

సాయంత్రానికి మా ఇంటి ముందు జీపు ఆగింది. “సారూ, పాపను తీసుకొని రమ్మన్నాడు అన్న.” అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నాన్న చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా నోట్సు.

“గీసింది నువ్వేనామ్మీ?”

నేను తలూపాను. “చిన్నపిల్ల, తెలీక గీసింది” అన్నాడు నాన్న.

“తెలీక యాడ గీసింది సారూ? శానా తెలిసే గీసింది.”

గోడవారగా నిలబడ్డవాళ్లలో ఒకడికి నవ్వు ఆగక దగ్గుగా మారింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆ నాలుగు గళ్లను చాలాసేపు చూశాడు.

“ఇంగొకటి గీస్తావా? పెన్నలో ఇసుక మింద నేనొక్కన్నే నడుస్తాండాల. ఎవురూ ఉండగూడదు.”

అక్కడే నేల మీద కూర్చుని గీశాను. నది వంకర పోయింది. ఆయన కాగితం తీసుకుని, దాని అంచు మీద వేలు పెట్టి అడిగాడు.

“ఈ పక్క నుంచి ఎవురూ రారు గదా?”

“రారు తాతా.”

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, నోట్సు నాకు తిరిగి ఇచ్చేశాడు.

జీపు వద్దని నడిచే వచ్చాం. సగం దారిలో నాన్న ఉన్నట్టుండి, “అయిపాయనా అని అడుగుతాండాడు సూడు వాడు…” అని నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియని ఆ కళ్లు తుడుచుకుని, “గీయి, వద్దనను. కానీ ముఖాలు ఎవురివీ పోలగూడదు” అన్నాడు. ఆ శనివారం ప్రొద్దుటూరు తీసుకెళ్లి నల్ల సిరా బుడ్డీ, సన్న పాళీ కొనిచ్చాడు.

పెద్దాయన ఆ తర్వాత ఎన్నికల్లో ఓడాడు, మళ్లీ గెలిచాడు, చివరికి చక్కెర జబ్బుతో ఆస్పత్రిలో పోయాడు. ఆ వార్త తెలిసిన పూట నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మనం ఆయన పార్టీ కాదుగదా అని అమ్మ అంటే, “మనిషి గదా” అన్నాడు.

నాన్న మాట ప్రకారం నేను ఎవరి ముఖమూ గీయను. అయినా వారానికొకరు ఫోన్ చేస్తారు: “ఏమ్మా, మా మామను ఎందుకు గీసినావు?”